సోషల్ మీడియా మీద పీజీ, డిసర్టేషన్: హైదరాబాద్‌లో ఉండి ఎలా చేయాలి

హైదరాబాద్‌లో ఏ యూనివర్సిటీలో అయినా జర్నలిజం డిపార్ట్‌మెంట్‌కో సోషియాలజీకో వెళ్ళి పాత డిసర్టేషన్లున్న బీరువా తెరిపించి చూడండి, "యువతపై సోషల్ మీడియా ప్రభావం, హైదరాబాద్ నగరం: ఒక అధ్యయనం" లాంటి టైటిల్ ఒక్కటైనా దొరకకపోతే నన్నడగండి. లోపల ఏముంటుందో అట్ట తీయకుండానే చెప్పేయొచ్చు. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పడేసిన గూగుల్ ఫామ్, వంద రెస్పాన్సులు, రంగురంగుల పై చార్టులు, చివర్లో మంచీ ఉంది చెడూ ఉంది మితంగా వాడాలి అని ఒక పేరా. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ ఫ్రీగానే చెప్తున్నారు కదా, దానికి రెండేళ్ళ పీజీ ఎందుకు.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్, అంటే బయటి యూనివర్సిటీ ఎగ్జామినర్, అడిగేవి కూడా మూడే ప్రశ్నలు. ఏ యువత? ఏ సోషల్ మీడియా? ప్రభావం అంటున్నావు, ఎవరితో పోల్చి? మన ఫామ్ నింపినవాళ్ళు మన ఫ్రెండ్సే, అంటే మనలాగే హాస్టల్‌లో ఉండి మనలాగే ఇన్‌స్టా చూసేవాళ్ళు. వాళ్ళ జవాబులు తీసుకొచ్చి నగరం మొత్తానికి అంటించేస్తే ఎలా నిలబడుతుంది? అందుకే ఈ సబ్జెక్ట్‌లోకి వద్దామనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, "సమాజంపై ప్రభావం" అని పెద్దగా మొదలుపెట్టకండి, ఒక ప్లాట్‌ఫామ్, ఒక గుంపు, ఒక సంఘటన పట్టుకుని అక్కడ ఎవరు ఏం చేశారో చూడండి, ప్రభావం సంగతి ఆ తర్వాత.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ చెప్తా. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు తెగ తిరిగాయి, గుర్తుందా. మే నెలలో చాంద్రాయణగుట్టలో అదే పుకారుతో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు. జూలైలో ఇక్కడి నుంచి బీదర్ జిల్లాకి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ కుర్రాడిని అక్కడి ఊళ్ళో చంపేశారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాకి కూడా అవే ఫార్వర్డ్‌లు వచ్చాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళని ఊరూరా పంపించి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు, ఆ జిల్లాలో ప్రాణాలు పోలేదని అప్పట్లో వార్తలు కూడా వచ్చాయి. ఫార్వర్డ్ ఒకటే, యాప్ ఒకటే, ఒక చోట ప్రాణం పోయింది ఇంకో చోట పోలేదు. మరి ప్రభావం యాప్‌లో ఉందా, ఊళ్ళో ఉందా, పోలీసుల మీద నమ్మకంలో ఉందా, కొత్త మనిషిని చూస్తే మనకుండే భయంలో ఉందా? ఇది పీజీ లెవెల్ ప్రశ్న. దీనికి గూగుల్ ఫామ్‌తో జవాబు రాదు.

సరే, ముందు ఎక్కడ చదవాలో త్వరగా చూసేద్దాం, ఇది అందరూ అడుగుతారు కానీ నా దృష్టిలో అంత పెద్ద విషయం కాదు. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఉంది, అక్కడ సరోజినీ నాయుడు స్కూల్‌లో కమ్యూనికేషన్ ఎంఏ, వేరేగా సోషియాలజీ ఎంఏ, రెండూ సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారానే, దరఖాస్తులు మామూలుగా డిసెంబర్ జనవరిలో, పరీక్ష మార్చిలో. ఓయూలో (ఉస్మానియాలో) జర్నలిజం డిపార్ట్‌మెంట్ 1954 నుంచి ఉంది, దానికి రాష్ట్ర పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాయాలి. తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, ఉర్దూ వచ్చినవాళ్ళకి గచ్చిబౌలిలోనే మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ) ఉంది. కంప్యూటర్ సైన్స్ చేసి ఇటువైపు రావాలనుకునేవాళ్ళు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్ బై రీసెర్చ్ చూసుకోండి, వాళ్ళ ఎంట్రన్స్ పీజీఈఈ రాయాలి, అక్కడ భాషల మీద, సోషల్ కంప్యూటింగ్ మీద పనిచేసే గ్రూపులున్నాయి. "సోషల్ మీడియా స్టడీస్" అనే పేరుతోనే కోర్స్ కావాలని వెతుక్కుంటూ కూర్చోకండి. జర్నలిజం, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, లింగ్విస్టిక్స్, ఎందులో ఉండి అయినా ఇది చేయొచ్చు, చూసుకోవాల్సింది గైడ్‌ని. ఆయన లేదా ఆవిడ చేయించిన పాత డిసర్టేషన్ ఒకటి రెండు తిరగేయండి, చాలు.

ఇక టాపిక్. ఇక్కడ నిదానంగా ఆలోచించండి, సగం పని ఇక్కడే అయిపోతుంది.

హైదరాబాద్‌లో ఉండి టాపిక్ దొరకట్లేదు అనేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్క భోజనం అమ్ముకునే ఆవిడ, పేరు చెప్పక్కర్లేదు మీకందరికీ తెలుసు, ఫుడ్ వ్లాగర్ల వీడియోలతో ఫేమస్ అయ్యారు, జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు బండి తీయించారు, దాని మీద ఆన్‌లైన్‌లో గొడవైంది, చివరికి ముఖ్యమంత్రే అక్కడే పెట్టుకోనివ్వండి అన్నారు. వ్యూస్ నుంచి ఫుట్‌పాత్ దాకా, ఫుట్‌పాత్ నుంచి సీఎం ఆఫీస్ దాకా మొత్తం గొలుసు కళ్ళ ముందు ఉంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేశారని యూట్యూబర్ల మీద, సినిమావాళ్ళ మీద పంజాగుట్టలో మియాపూర్‌లో కేసులు పెట్టారు, ఆ ప్రమోషన్ వీడియోల్లో ఏ భాషలో ఏ భరోసా ఇచ్చి జనాన్ని లాగారో కూర్చుని చూస్తే అదొక డిసర్టేషన్. అదే నెలాఖరులో హెచ్‌సీయూ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టి చదును చేయడం మీద గొడవ. బుల్డోజర్ల ముందు నెమళ్ళు, జింకలు ఉన్న ఏఐ బొమ్మలు ఎంత తిరిగాయంటే ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా రీషేర్ చేసినందుకు పోలీసులు నోటీసిచ్చారు. మరోపక్క విద్యార్థులు తీసిన నిజమైన వీడియోలు కూడా అంతే తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. నిజమైన ఉద్యమంలోకి అబద్ధపు బొమ్మ వచ్చి చేరితే ఉద్యమానికి లాభమా నష్టమా? హెచ్‌సీయూలో చదువుతూ ఇది వదిలేసి మళ్ళీ "యువతపై ప్రభావం" అంటే ఏమనాలి.

ఒక టాపిక్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా కడతారో చూపిస్తా. అశోక్‌నగర్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళ ఏరియా. వీళ్ళ జీవితం సగం టెలిగ్రామ్‌లోనే, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, ఆన్సర్ కీలు, పుకార్లు, కోర్టు కేసుల అప్‌డేట్లు అన్నీ అక్కడే. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో ఒకసారి రాశారు, 2023 మార్చిలో పేపర్ లీక్ బయటపడి అది రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, అదీ హైకోర్టులో రద్దయింది, 2024 జూన్‌లో మూడోసారి రాశారు, అక్టోబర్‌లో మెయిన్స్ ముందు అశోక్‌నగర్ రోడ్ల మీద ధర్నాలు. ఇప్పుడు ప్రశ్న ఇలా పెట్టుకోండి: పరీక్ష రద్దైన వారంలో అభ్యర్థులు ఏ సమాచారాన్ని నమ్మారు, కమిషన్ వెబ్‌సైట్‌నా, కోచింగ్ సార్ యూట్యూబ్ లైవ్‌నా, పేరు తెలియని టెలిగ్రామ్ అడ్మిన్‌నా, ఎందుకు? చూశారా, ప్లాట్‌ఫామ్ తెలుసు, గుంపు తెలుసు, తేదీలు తెలుసు. అందరికీ తెరిచి ఉన్న పెద్ద ఛానెల్స్ ఓ రెండు మూడు తీసుకుని ఆ తేదీలకి ముందు వారం, తర్వాత వారం పోస్టులు దింపుకోవాలి. ఆ తర్వాత లైబ్రరీ దగ్గర టీ కొట్టు కాడ కూర్చుని పదిహేను ఇరవై మందితో మాట్లాడాలి. ఎంఏకి అది చాలు, నిజంగా చాలు, 500 మంది శాంపిల్ అక్కర్లేదు.

మాట్లాడేటప్పుడు "సోషల్ మీడియా మీపై ఎలాంటి ప్రభావం చూపింది" అని అడిగితే పేపర్లో చదివిన జవాబే తిరిగి మీకు చెప్తారు, మర్యాద కోసం. "అన్నా, ఎగ్జామ్ క్యాన్సిల్ అయిందని నీకు ఫస్ట్ ఎట్ల తెల్సింది? అది చూసినంక ఎవరికి ఫోన్ చేసినవ్?" అని అడగండి. వీలైతే వాళ్ళ ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంచి పాత మెసేజ్‌లు పైకి స్క్రోల్ చేస్తూ చెప్పమనండి. అప్పుడు మరిచిపోయినవి కూడా బయటికొస్తాయి, ఏ గ్రూప్ మ్యూట్‌లో పెట్టారో, ఏది పిన్ చేసుకున్నారో కనబడుతుంది. ఫోన్ మీ చేతిలోకి మాత్రం తీసుకోకండి. అమ్మాయిల హాస్టళ్ళలో ఇంటర్వ్యూలు అమ్మాయిలే చేస్తే మంచిది, లేదంటే క్లాస్‌మేట్‌ని తోడు తీసుకెళ్ళండి.

ఇంకో మాట, అసలు ఆన్‌లైన్‌లో లేనివాళ్ళ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్ళు 26.5 శాతం, మగవాళ్ళు 57.4 శాతం. మన రాష్ట్రంలో సర్వే జరిగింది కరోనాకి ముందు కాబట్టి ఇప్పుడు అంకెలు పెరిగే ఉంటాయి, కానీ ఆ తేడా చూడండి. కామెంట్లు మాత్రమే చదివి "తెలంగాణ సమాజం ఇలా అనుకుంటోంది" అని రాస్తే అందులో చాలామంది ఆడవాళ్ళు లేనట్టే.

చదవాల్సినవి. లిటరేచర్ రివ్యూ అంటే, ఇంతకుముందు వచ్చిన పరిశోధనల గురించి రాసే చాప్టర్, పేర్ల దండ గుచ్చడం కాదు, మెకోంబ్స్ అండ్ షా 1972 అజెండా సెట్టింగ్, నోయెల్-నాయ్‌మన్ 1974 స్పైరల్ ఆఫ్ సైలెన్స్, హాబర్‌మాస్ పబ్లిక్ స్ఫియర్ అని ఒక్కోదానికి ఒక పేరా రాసి చివర్లో వాటిని ఎక్కడా వాడకుండా వదిలేస్తారు చాలామంది. ఒకటి తీసుకోండి, దాన్నే చివరిదాకా మోయండి. థియరీ కంటే ముందు గొడవలు చదవండి, ఎవరు ఎవరితో ఎందుకు ఒప్పుకోలేదు అని. ఉదాహరణకి ఎలై పారిసర్ 2011లో ఫిల్టర్ బబుల్ అన్నాడు, అంటే మనకి నచ్చేవే చూపిస్తూ అల్గారిదమ్ మనల్ని బుడగలో పెట్టేస్తుందని. ఆక్సెల్ బ్రన్స్ లాంటివాళ్ళు అలాంటి బుడగ ఉందనడానికి ఆధారాలు చాలా బలహీనం అని 2019లో ఎదురు వాదించారు. పిల్లల మానసిక ఆరోగ్యం మీదైతే ఇంకా పెద్ద గొడవ. ఏమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 2019లో లక్షల మంది టీనేజర్ల డేటా చూసి, డిజిటల్ వాడకంతో వాళ్ళ బాగోగుల్లో తేడాలో మహా అయితే 0.4 శాతం మాత్రమే వివరించగలం అన్నారు. దాన్ని ఒప్పుకోని సైకాలజిస్టులూ గట్టిగానే ఉన్నారు. ఈ రెండు వైపులా చదివినవాడు ఇంక "మొబైల్ వల్ల యువత పాడైపోతోంది" అని ఒక్క లైన్‌లో తేల్చేయలేడు.

అబద్ధాల వ్యాప్తి మీద చేసేవాళ్ళు వొసూగీ, రాయ్, ఆరల్ 2018లో సైన్స్ పత్రికలో రాసింది తప్పక చదవాలి, ట్విట్టర్‌లో సుమారు 1,26,000 కథనాలు చూసి అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువని చెప్పారు. కానీ అది ట్విట్టర్ సంగతి, మన ఊళ్ళో అబద్ధం నడిచేది వాట్సాప్‌లో, అక్కడ ఎన్నిసార్లు తిరిగిందో బయటివాళ్ళు లెక్కపెట్టలేరు, దీన్ని అక్కడికి అలాగే తెచ్చి అతికించకండి. మనకి దగ్గరగా ఉండేది కావాలంటే లండన్ యూసీఎల్ వాళ్ళు 9 చోట్ల చేసిన వై వీ పోస్ట్ ప్రాజెక్ట్ ఉంది, అందులో శ్రీరామ్ వెంకట్రామన్ చెన్నై దగ్గర ఊళ్ళలో ఉండి చేసిన పని పీడీఎఫ్ ఫ్రీగా దొరుకుతుంది. ఐటీ ఉద్యోగులూ పాత ఊరివాళ్ళూ పక్కపక్కన ఉండే చోటు అది, చదువుతుంటే మీకు నానక్‌రామ్‌గూడ, కోకాపేట గుర్తొస్తాయి. పాత పీహెచ్‌డీలు శోధ్‌గంగా అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఎక్కడ చదివినా రిఫరెన్సులు దాచుకునే జోటెరో సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటూ పోండి, ఆఖరి వారంలో రిఫరెన్సులు చేత్తో టైప్ చేసే బాధ తప్పుతుంది.

డేటా దగ్గర ఈ రెండు మూడేళ్ళలో చాలా మారిపోయింది, పాత సీనియర్లు చెప్పే పద్ధతులు ఇప్పుడు పనిచేయవు. ట్విట్టర్ ఫ్రీ ఏపీఐ (ప్రోగ్రామ్‌తో డేటా దింపుకునే దారి) 2023లో తీసేశారు, ఫేస్‌బుక్ వాళ్ళ క్రౌడ్‌టాంగిల్, పబ్లిక్ పోస్టులు వెతికే టూల్, 2024 ఆగస్టు 14న మూసేశారు, దాని బదులు వచ్చిన మెటా కంటెంట్ లైబ్రరీకి యూనివర్సిటీ తరఫున అప్లై చేసి ఎదురుచూడాలి, ఒక సెమిస్టర్ డిసర్టేషన్‌కి దాని మీద ఆశ పెట్టుకోకండి. మనలాంటివాళ్ళకి ఇప్పుడు నయం యూట్యూబే. వాళ్ళ ఏపీఐలో రోజుకి 10,000 యూనిట్ల కోటా ఫ్రీ, ఒక సెర్చ్‌కి 100 యూనిట్లు పోతాయి కానీ కామెంట్లు తీయడానికి పేజీకి ఒక్క యూనిటే, పేజీకి 100 దాకా కామెంట్లొస్తాయి. అందుకని ఏ వీడియోలు కావాలో చేత్తో వెతికి ఐడీలు రాసుకోండి, కోటా మొత్తం కామెంట్లకి వాడండి. కోడింగ్ రానివాళ్ళకి యూట్యూబ్ డేటా టూల్స్ అని ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు చేసిపెట్టిన సైట్ ఉంది, ఐడీ ఇస్తే ఫైల్ వచ్చేస్తుంది. టెలిగ్రామ్ అయితే డెస్క్‌టాప్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ అని ఉంటుంది, అడ్మిన్ సేవ్ చేయనివ్వకుండా లాక్ చేయకపోతే తేదీలు పెట్టి దింపుకోవచ్చు. అబద్ధపు వార్తల మీద చేసేవాళ్ళకి ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ రెండూ హైదరాబాద్‌వే, వాళ్ళ తెలుగు ఫ్యాక్ట్ చెక్‌లు వరసగా తీసుకుంటే చక్కటి మెటీరియల్. దేనికైనా సరే దొరికిన రోజే స్క్రీన్‌షాట్ తీసి తేదీ, లింకు రాసి పెట్టండి, రేపు చూద్దాంలే అనుకున్న పోస్ట్ రేపటికి డిలీట్ అయిపోతుంది.

తెలుగు కామెంట్లతో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. సగానికి పైగా ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు, ఒకే మాట పదిరకాల స్పెల్లింగ్. రెడీమేడ్ సెంటిమెంట్ టూల్‌కి ఇస్తే "అరాచకం అన్నా" అనేది తిట్టు ఖాతాలో పడుతుంది, "సూపర్ సార్ మీరు ఇలాగే దోచుకోండి" అనేది పొగడ్త ఖాతాలో పడుతుంది. ఇలాంటి టూల్ ఇచ్చిన గ్రాఫ్ చూపించి తెలుగు ప్రేక్షకుల మూడ్ అని రాసేవాళ్ళని నేను అసలు నమ్మను. 500 కామెంట్లు తీసి ఇద్దరు మనుషులు విడివిడిగా కూర్చుని చేత్తో కోడ్ చేయండి, అంటే ఒక్కో కామెంట్ ఏ కేటగిరీలోకి వస్తుందో రాయండి, తర్వాత ఇద్దరి జవాబులు ఎంత కలిశాయో చెప్పే క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా లెక్కేయండి, 0.80 పైన ఉంటే దిగుల్లేదు, 0.667 కంటే తగ్గితే మీ కేటగిరీలే సరిగ్గా లేవని అర్థం, మళ్ళీ కూర్చోవాలి. బోర్ పని, కాదనను, కానీ ఇక్కడే అసలు విషయాలు కనబడతాయి, ఫ్యాన్ వార్ అనుకున్నది లోపలికెళ్తే కులం గొడవ అని తెలిసేది చదివినప్పుడే కానీ లెక్కపెట్టినప్పుడు కాదు.

ఎథిక్స్ అంటే కన్సెంట్ ఫామ్ మీద సంతకం అనుకుంటారు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మీరు ఉన్నారు కదా అని అందులో మెసేజ్‌లు తీసి వాడేయడం కుదరదు, వాళ్ళు మిమ్మల్ని పక్క ఫ్లాట్ అబ్బాయిగా చేర్చుకున్నారు, పరిశోధకుడిగా కాదు. అడ్మిన్ ఒప్పుకుంటే చాలదు, గ్రూప్‌లో చెప్పాలి, వద్దన్నవాళ్ళవి తీసేయాలి. పబ్లిక్ కామెంట్ అయినా యథాతథంగా కోట్ చేస్తే గూగుల్‌లో వెతికి మనిషిని పట్టేయొచ్చు, కాబట్టి మాట కాస్త మార్చి రాయండి, ముఖ్యంగా కులం, మతం, రాజకీయం ఉన్న చోట. ఫేస్‌బుక్ దాదాపు 6,89,000 మంది ఫీడ్‌ని వాళ్ళకి చెప్పకుండా మార్చి మూడ్ మీద ప్రయోగం చేసిందని 2014లో తెలిసి ఎంత రచ్చయిందో ఈ ఫీల్డ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 18 ఏళ్ళలోపు వాళ్ళతో చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి, కాలేజీ అనుమతి, మీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇవన్నీ వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది, అందుకే ఇంటర్ పిల్లల టాపిక్ ఎంఏలో వద్దంటాను, పీహెచ్‌డీకి దాచుకోండి.

రాయడం దగ్గర ఒక్క చిట్కా. ఫీల్డ్ నుంచి ఇంటికొచ్చిన రాత్రే ఒక పేజీ తెలుగులో రాసి పడుకోండి, ఎలా మాట్లాడారో అలాగే, ఇంగ్లీష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు. సిమిలారిటీ, అంటే మీ రాత వేరేవాళ్ళ రాతతో ఎంత కలిసిందన్న లెక్క, దాని గురించి మరీ భయపడకండి, యూజీసీ 2018 రూల్స్ ప్రకారం 10 శాతం వరకు ఇబ్బంది లేదు. ఏఐతో రాయించి పెడితే మాత్రం వైవాలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది, అశోక్‌నగర్‌లో ఎవరితో మాట్లాడావు, ఏ టైంలో వెళ్ళావు అంటే చాట్‌బాట్ వచ్చి చెప్పదు కదా.

తర్వాత ఏంటి అంటారా. మాస్ కమ్యూనికేషన్‌లోనో సోషియాలజీలోనో యూజీసీ నెట్ పరీక్ష జూన్, డిసెంబర్ సైకిళ్ళలో ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000. పీహెచ్‌డీ వద్దనుకునేవాళ్ళకి ఫ్యాక్ట్ చెక్ డెస్కులు ఉన్నాయి, గచ్చిబౌలి వైపు కంటెంట్ మోడరేషన్ చేసే కంపెనీలు ఉన్నాయి, యూఎక్స్ రీసెర్చ్ ఉద్యోగాలున్నాయి, ఎన్నికలొస్తే పార్టీల వార్ రూమ్‌ల నుంచి కూడా పిలుపొస్తుంది. మోడరేషన్‌లో చేరే ముందు అక్కడ పనిచేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి మాట్లాడండి, రోజంతా హింస వీడియోలు చూసే పని అది, షిఫ్ట్ ఎన్ని గంటలు, కౌన్సెలింగ్ ఇస్తారా లేదా అన్నది జీతం కంటే ముందు అడగాలి.